తేనెపట్టు ఎవరి సొత్తు?

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలకు తేనె రెండు దారుల్లో వస్తుంది: నల్లమల కొండచరియలకు వేలాడే పెద్ద పట్టుల నుంచి చెంచులు తీసేది ఒకటి, తోటలో పెట్టె పెట్టి సాకిన ఈగల నుంచి రైతు తీసేది మరొకటి. మరో ప్రాణి దాచుకున్న ఆహారాన్ని తీసుకునే హక్కు మనిషికి ఎక్కడిదన్న ప్రశ్న రెండు చోట్లా ఉంది.

పట్టును పిండితే గుడ్లూ పిల్లలూ చస్తాయి గనుక జైనం మద్యమాంసాలతో పాటు మధువునూ నిషేధించింది. వైదిక సంప్రదాయం అదే తేనెను పంచామృతాల్లో చేర్చింది. భాగవత ఏకాదశ స్కంధంలో యదువుకు తన 24 మంది గురువులను వివరించిన అవధూత, పువ్వు నొవ్వకుండా కొద్దికొద్దిగా గ్రహించే ఈగను సన్న్యాసికి ఆదర్శంగా చూపి, రేపటికని కూడబెట్టే ఈగను మాత్రం హెచ్చరికగా చూపాడు. ఈ రెండవ తీర్పు ఈగకు అన్యాయమే చేసింది. పూలకాలంలో సుమారు 6 వారాలే బతికే కూలి ఈగ, పూలు దొరకని రోజుల్లో తన తర్వాతి ఈగలు తినవలసిన తేనెను మోస్తుంది. తన కోసం కాని దాన్ని దాచడం లోభం కాజాలదు.

1852లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ పేటెంట్ పొందిన పెట్టెలో చట్రాలను విడిగా పైకి తీయవచ్చు. పిల్లలు కింది గదిలో ఉండగా, పై గదిలోని మిగులు తేనెను యంత్రంలో తిప్పి తీసి, ఖాళీ పట్టును ఈగలకే తిరిగి ఇవ్వవచ్చు. దీనితో జైనుల అభ్యంతరంలో హింస చాలావరకు తొలగినా, అదత్తాదానం, అంటే ఇవ్వనిదాన్ని తీసుకోవడమన్న దోషం మిగిలే ఉంటుంది.

తాడు పట్టుకుని చరియ దిగే చెంచు తన ప్రాణాన్నే పణంగా పెడతాడు. అక్కచెల్లెళ్ల పసుపుకుంకుమలు నిలవాలని కోరుకునేవాడు గనుక బావమరిదినే ఆ తాడుకు కాపలా ఉంచడం వారి ఆచారం. ఏ అపాయమూ లేని తోట రైతు మరో రూపంలో చెల్లించాలి. గుమ్మడి, బీర, దోస తీగలకు మగపూలు వేరు, ఆడపూలు వేరు గనుక పుప్పొడి మోసే ఈగ లేనిదే పిందె నిలవదు. అంటే తేనె ముట్టని రైతు కూడా ఈగకు బాకీపడ్డవాడే. తోటి ప్రాణులకు ఆహారం పెట్టే విధిని పంచమహాయజ్ఞాల్లో భూతయజ్ఞమన్నారు. పూత మీద పురుగుమందు కొట్టకపోవడం, ఎండల్లో నీరు పెట్టడం, వేసవికి సరిపడా తేనె పట్టులోనే వదలడం కూడా దాని కిందికే వస్తాయి. ఇవి చేయని రైతు దగ్గర దేశవాళీ ఈగ ఎక్కువ కాలం ఉండదు. తిండి కరవైతే గుంపంతా పెట్టెను వదిలి లేచిపోతుంది.