చక్రపు మరక – మాచయ్య కాయకము

12వ శతాబ్దమున మడివాలు మాచయ్య శరణుల వస్త్రములు ఉతుకుటయే కాయకముగా గైకొనెను. నేడు కారు కడుగు భక్తుని పనియు అట్టిదే. బ్రేకుల ఒరిపిడిచే రాలిన ఇనుపరజను వేడిమీద అల్యూమినియపు చక్రమునకు అంటి, తడికి త్రుప్పుపట్టి మొండి మరకయగును. తొందరపడి ఘాటైన ఆమ్లము పోసినచో మరక పోవును, పైపూతయు చెడును. ఆ నష్టము యజమానికి వెంటనే కనబడదు, కూలి మాత్రము చేతికి వచ్చును. శరణులారా, అట్టి కూలి జంగమ దాసోహమునకు తగునా? చక్రమును చల్లారనిచ్చి, నీటితో ఇసుక పోగొట్టి, సబ్బునీటితో తడిపి, మెత్తని కుంచెతో ఆకుల సందులు ఓపికగా రుద్దవలెను. ఒకసారికి పోనిచో మరల రుద్దవలెను. లోపలి అంచును ఎవరు చూతురని కొందరందురు. బ్రేకు ఉన్నది ఆ లోపలనే. రజను దట్టముగా పేరుకొనునదియు అచ్చటనే.