కిరాయి ఇల్లు, మూసీ ఒడ్డు

కేతేపల్లిలో కిరాయికి ఇల్లు దొరకడం కష్టం కాదు. తాళాలు పడ్డ ఇండ్లు ప్రతి వాడలోనూ ఉన్నాయి. కిరాయికి వచ్చేవాళ్లే తక్కువ. ఊళ్లో కొలువులు చేసేవాళ్లలో చాలామంది పొద్దున సూర్యాపేట నుంచో నకిరేకల్ నుంచో వచ్చి బస్సు దిగుతారు, సాయంత్రం మళ్లీ ఎక్కిపోతారు. విజయవాడ హైవే దగ్గర్లోనే ఉన్నాక ఇక్కడ రాత్రి ఉండాల్సిన అవసరం ఎవరికి? నేను బడిలో పంతులును. సూర్యాపేటలో మాకు సొంతిల్లు ఉంది. అయినా కొన్నేండ్ల కింద ఇక్కడ రెండర్రల పెంకుటిల్లు కిరాయికి తీసుకున్నాం. బడికి దగ్గరని అందరికీ చెప్పాను. అది నిజమే. కానీ ఉంటున్నకొద్దీ నా మనసులో ఇంకో సంగతి పెరుగుతూ వచ్చింది: ఒక ఊరు ఎవరిది? ఊళ్లో ఇల్లు ఉన్నవాళ్లదా, ఊళ్లో ఉన్నవాళ్లదా?

మా ఇల్లు గూనపెంకలది. ఒక వరస పెంకలు వెల్లకిలా, వాటి అంచుల మీద ఇంకో వరస బోర్లా పరుస్తారు. ఒక్క పెంక జారితే దాని మీది వరసంతా మెల్లగా కిందికి దిగుతుంది. ఊరి మీద కోతులు పడ్డ తర్వాత ఇది రోజూ ఉండే బాధ అయింది. అవి కప్పు మీద దుంకిపోతే ఎక్కడ ఏది కదిలిందో కింది నుంచి కనిపించదు, వాన పడితేనే తెలుస్తుంది. అందుకని మొగులు పట్టినప్పుడల్లా నిచ్చెన వేసుకుని ఎక్కి, పెంకలు ఒక్కొక్కటే సర్దుతాను. ఈ పని తెలిసిన పెద్దమనిషి ఒకాయన మొదట్లో దగ్గరుండి నేర్పాడు. "పెంకను నూకద్దు సారూ, ఎత్తి పెట్టాలె" అనేవాడు. నూకితే పక్క పెంక అంచు విరుగుతుంది. ఈ కప్పు తీసేసి రేకులు వేయిద్దామని ఓనరు ఫోనులో చాలాసార్లు అన్నాడు. ఎండాకాలంలో పెంకల కింద ఉండే చల్లదనం నాకు తెలుసు కాబట్టి వద్దన్నాను.

ఓనరంటే ఆ ఇంటి కొడుకు. భార్యాపిల్లలతో హైదరాబాద్‌లో, వనస్థలిపురం దిక్కు ఉంటాడు. నల్లగొండ నుంచి పట్నం పోయిన మనిషి మొదట దిగేది ఆ దారిలోనే. హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ వాడల్లో మా జిల్లా మాట వినిపించని గల్లీ ఉండదేమో. అక్కడ అతనిదీ కిరాయి ఇల్లే. వాళ్లమ్మ మాత్రం పట్నం పోనని, ఈ ఇంటి వెనకర్రలోనే ఉండిపోయింది. మేం ఆమెను అవ్వా అని పిలుస్తాం. నేనిచ్చే కిరాయి ఆమె చేతికి వస్తుంది. దాన్ని ఆమె కొడుకుకు పంపిస్తుంది. అతను దానికి ఇంకా చాలా కలిపి తన ఓనరుకు కడతాడు. సొంతిల్లున్న నేను కిరాయికి ఉన్నాను, నాకు ఇల్లిచ్చినాయన కూడా కిరాయికే ఉన్నాడు. ఇద్దరం ఎవరి ఇంట్లో వాళ్లం లేము.

కిరాయి ఇక్కడి నుంచి పట్నం పోతుంది, పట్నం నుంచి ఇక్కడికి నీళ్లు వస్తాయి. పట్నంలో వాడి వదిలిన నీళ్లలో ఎంతో భాగం చివరికి మూసీలో పడుతుంది. మూసీ మా దిక్కే వస్తుంది. నాకిది మాటవరసకు చెప్పేది కాదు, కళ్లముందు జరిగేది. అనంతగిరి గుట్టల్లో పుట్టేటప్పుడు అది మంచి నీళ్ల ఏరు. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద హైదరాబాద్‌ను ముంచి వేల మందిని పొట్టన పెట్టుకున్నది. ఆ తర్వాత పైన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) కట్టి వరదను ఆపారు, పట్నానికి తాగునీళ్లు చూపించారు. పై నీళ్లు అక్కడ ఆగిపోయాయి. పట్నం పెరిగింది. వానలు లేని నెలల్లో పట్నం దాటి కిందికి వచ్చేది ఎక్కువగా మోరీ నీళ్లే. ఆ నీళ్లు భువనగిరి, వలిగొండ దిక్కు పొలాలు తడిపి మా పక్కన సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టులో ఆగుతాయి. 1963లో పూర్తయిన ఆ ప్రాజెక్టులో నిండుగా ఉంటే 4.46 టీఎంసీలు పడతాయి. కుడి కాల్వ ఇటు, ఎడమ కాల్వ సూర్యాపేట దిక్కు పోతాయి. ఆ తర్వాత మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

పట్నం ఎప్పుడూ నీళ్లు వదులుతూనే ఉంటుంది కాబట్టి ఎండాకాలం కూడా ఈ నది పూర్తిగా ఎండదు. ఆ నీళ్ల వల్లే ఇక్కడ వరి పండుతుంది. అదే నీళ్లలో దిగి నాటేసిన ఆడవాళ్లు కాళ్లు దురదలు పెడుతున్నాయని గోక్కుంటూ వస్తారు. గేట్లు ఎత్తినప్పుడు కింద నురుగు తేలుతుంది. సూర్యాపేట పట్నం ఏండ్ల తరబడి ఈ నీళ్లే తాగింది, ఆ నీళ్లు తాగి పెరిగినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు నల్లాల్లో కృష్ణ నీళ్లు వస్తున్నాయి. 2019 అక్టోబరులో ప్రాజెక్టు గేటు ఒకటి కొట్టుకుపోయింది. నీళ్లన్నీ దిగువకు పోతుంటే, ఆ నీళ్లను రోజూ తిట్టే రైతులే కట్ట మీదికి ఉరికి ఎట్లనన్న ఆపమని మొత్తుకున్నారు. ఈ నీళ్లను వద్దనలేరు, కావాలని మనసారా అనలేరు. కిరాయికి ఉండేవాడి బతుకు కూడా కొంత ఇట్లాంటిదే అని మొదట్లో అనుకునేవాణ్ని. ఇప్పుడు అట్లా అనుకోవడం లేదు.

మన పెద్దలు ఈ దేహమే కిరాయి కొంప అంటుంటారు. ఖాళీ చేసి పోయేదే కాబట్టి మమకారం పెంచుకోవద్దని వాళ్ల భావం. నాకు ఆ మాట మీద గౌరవమే. కానీ కిరాయి ఇంట్లో ఉన్నంతకాలం నాకు కలిగింది వైరాగ్యం కాదు. ఏ పెంక జారిందో పట్టా ఉన్నవాడికి తెలియదు, దాని కింద పడుకున్నవాడికి తెలుస్తుంది. రేపు పోయేవాడినే అయినా ఈ రాత్రి కురిసే వాన నా మీదనే కురుస్తుంది. ఇల్లు నాది కాదని తెలిసిన తర్వాతే నేను దాన్ని శ్రద్ధగా చూశాను. సూర్యాపేటలోని నా ఇంటి కప్పు ఎన్నడూ అట్లా చూడలేదు.

అట్లా చూసే హక్కు కూడా అందరికీ ఒక్కతీరుగా దొరకదు. ఇల్లు అడగబోతే ముందు వచ్చే ప్రశ్న కిరాయి ఎంతిస్తారని కాదు, మీరేమిట్లు అని. నన్నూ అడిగారు. నా జవాబు వాళ్లకు అడ్డం కాలేదు కాబట్టి తాళంచెవి నా చేతికి వచ్చింది. వేరే జిల్లాలో పంతులుగా పనిచేసే నా మిత్రుడు మాదిగ కులంవాడు. అతను పనిచేసే ఊళ్లో అన్ని ఖాళీ ఇండ్లున్నా, రేపు చెప్తాం, మాపు చెప్తాం అని తిప్పి తిప్పి చివరికి లేదన్నారు. పిల్లలకు చదువు చెప్పడానికి పనికొచ్చినవాడు వాళ్ల వాడలో పడుకోవడానికి పనికిరాలేదు. ఇప్పటికీ రోజూ బస్సులో వచ్చిపోతున్నాడు. తాళం వేసి ఉంచిన ఇల్లు కూడా ఒక మనిషిని ఊరికి రానియ్యకుండా ఆపగలదు. ఖాళీగా కూలిపోయినా సరే గానీ ఇయ్యమనే ఇండ్లను చూస్తే నాకు కోపం ఆగదు.

ఊరి పొలాల సంగతీ ఇదే. కాల్వ కింద నాటేసేది కౌలు రైతులు. వాళ్ల కింద పనికి బీహార్, బెంగాల్ నుంచి కూలీలు కూడా దిగుతున్నారు. నాట్లున్నన్ని దినాలు కొట్టాల్లో, ఖాళీ షెడ్లలో వండుకుని తింటారు. పాస్‌బుక్కులోని పేర్లలో ఎన్నో పట్నంలో ఉన్నాయి. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు ఎకరానికి పంటకు 4,000 రూపాయలు పట్టాదారు ఖాతాలో పడ్డాయి, కౌలుదారుకు రాలేదు. ఇదే నల్లగొండ గడ్డ మీద 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటం నడిచింది. ఆ పోరాటం వేడిలోనే 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. నేలను పట్టుకుని సాగు చేస్తున్నవాడిని రక్షిత కౌలుదారుగా గుర్తించి, ఆ భూమి అతనిదయ్యే దారి చూపించింది. అమలు ఎట్లా జరిగిందనేది వేరే కథ. కానీ పేరున్నవాడి కన్నా పనిలో ఉన్నవాడిని ముందు చూడాలని చట్టంలో ఒకసారి రాసుకున్నాం. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో కౌలుదార్లకు రుణ అర్హత కార్డులియ్యాలని ఇంకో చట్టం చేసుకున్నాం. రాసుకున్నదాన్ని మనమే మెల్లగా మరిచిపోయాం.

అదే 1950లో పార్లమెంటు చేసిన ఇంకో చట్టం నాకు ఇంకా దగ్గరిదిగా తోస్తుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్‌లో ఒక మాట ఉంది. ఒక చోట ఇల్లున్నంత మాత్రాన, కేవలం ఆ కారణంతో, మనిషి అక్కడ నివాసం ఉంటున్నట్టు కాదని దాని భావం. ఓటు ఇంటికి కాదు, ఉనికికి ఇచ్చారు. పంచాయతీ ఎన్నికలు వస్తే పట్నం నుంచి బండ్ల మీద, కార్ల మీద వచ్చి ఓటేసి పొద్దుగూకేసరికి వెళ్లిపోయేవాళ్లను చూస్తాం. వాళ్ల ప్రేమను నేను కొట్టిపారేయను. పుట్టిన ఊరు పుట్టిన ఊరే. కానీ సర్పంచ్ ఏం చేశాడో, మోరీ తీశారో లేదో, వీధిలైటు వెలిగిందో లేదో తెలిసేది ఇక్కడ రాత్రిళ్లు ఉండేవాళ్లకు.

తాళం పడ్డ ఇండ్ల గోస మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండ్‌లో నది ఒడ్డునో సముద్రం ఒడ్డునో అందంగా ఉన్న చిన్న ఊళ్లలో ఇండ్లను నగరవాసులు సెలవుల కోసం కొని మిగతా కాలం తాళం వేసి పెడుతుంటారు. అక్కడే పనిచేసేవాళ్లకు కిరాయికి కూడా ఇల్లు దొరకదు. కార్న్‌వాల్ తీరంలోని సెయింట్ ఐవ్స్‌లో 2016లో జనం ఓటు వేసి, కొత్తగా కట్టే ఇండ్లు అక్కడ స్థిరంగా ఉండేవాళ్లకే దక్కాలని తీర్మానించుకున్నారు. అక్కడ డబ్బు ఊళ్లోకి వచ్చి తాళం వేసింది. ఇక్కడ బతుకుదెరువు ఊరు దాటిపోయి తాళం వేసింది. రెండు చోట్లా పొద్దుగూకితే దీపం పెట్టే ఇండ్లు తగ్గాయి.

మేం వచ్చిన మొదటేడు ముత్యాలమ్మ పండుగకు ఇంటికింత అని చందా రాసుకుంటూ పోరగాళ్లు మా వాడకు వచ్చారు. నేను జేబులో చేయి పెట్టేలోపలే ఒకడు, "మీరియ్యద్దు సార్, అవ్వ పేరు మీద రాసినం" అన్నాడు. మర్యాదకే అన్నాడు. అయినా నాకు చిన్నతనంగా తోచింది. ఆ మాట లోపలి నుంచి అవ్వ విన్నది. బయటికి వచ్చి మా ఆమెతో, "బోనం ఎత్తుకోవాలె బిడ్డా. ఇంట్ల పొయ్యి ఉన్నంక బోనం ఉండద్దా?" అన్నది. కొత్త కుండ తనే తెప్పించింది. సున్నం బొట్లు, పసుపు, వేపమండలు ఎట్లా పెట్టాలో దగ్గర కూర్చుని చూపించింది. ఆ సాయంత్రం ఒకే దర్వాజలో నుంచి రెండు బోనాలు బయలుదేరాయి. మరుసటేడు చందా పుస్తకంలో అవ్వ పేరు కింద "సారు ఇల్లు" అని వేరే గీత గీసి రాశారు. అవ్వ కొడుకు పట్నం నుంచి ఫోన్‌పేలో తనదీ పంపించాడు, వాళ్లు అదీ రాసుకున్నారు. ఒక కప్పు కింద మూడు చందాలు. ఎవరూ తప్పనలేదు.

ఊరు ఎవరిదని నేను అడుగుతూ వచ్చిన దానికి అవ్వ ఏ చట్టం చదవకుండానే జవాబు చెప్పింది. పొయ్యి ఉన్నచోట బోనం. ఇందులో హక్కు కన్నా ముందు బాధ్యత ఉంది. నీ ఇంట్లో అన్నం ఉడుకుతున్నది కాబట్టి నువ్వు ఊరికి బాకీ. ఇల్లు సొంతమైతే ఆ బాకీ పెరగదు, కిరాయిదైతే తగ్గదు. పట్నంలో ఉన్న ఆమె కొడుక్కూ ఇదే వర్తిస్తుందని నా నమ్మకం. వనస్థలిపురంలో అతని పొయ్యి వెలుగుతున్నది కాబట్టి అక్కడి మోరీకి అతనూ బాకీ. ఎందుకంటే ఆ మోరీ చివరికి వచ్చేది వాళ్లమ్మ ఊరి కాల్వలోకే. ఈ మాట అతనితో అన్నాను. కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మా గల్లీల కిరాయిదార్లను ఎవ్వరు అడుగుతరు సార్?" అన్నాడు. అందులో నిజముంది. పట్నంలో ఎంతోమందిని ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలియని బతుకులో పెట్టి, నది మీ అందరిదీ అంటే ఆ మాట ఎవరికి తాకుతుంది?

నా వరకు నేను మొన్న ఓటు ఇక్కడికి మార్చుకోవడానికి ఫారం-8 నింపాను. 2016లో జిల్లాలు విడదీసినప్పటి నుంచి నా సొంతిల్లు సూర్యాపేట జిల్లాలో, కిరాయి ఇల్లు నల్లగొండ జిల్లాలో ఉన్నాయి. ఓటు మాత్రం ఇన్నేండ్లూ అటే ఉండిపోయింది. కాగితాలు తీసుకోవడానికి వచ్చిన అంగన్‌వాడీ టీచరమ్మ, "సొంతిల్లు పేటలో పెట్టుకుని గీడికెందుకు సార్?" అని అడిగింది. గ్రామసభలో మాట్లాడాలన్నాను. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఊరి ఓటరు జాబితాలో ఉన్నవాళ్లే గ్రామసభ సభ్యులు. హైదరాబాద్ మురికి మా కాల్వలోకి వస్తున్నదని నేనూ అందరితోపాటు అంటాను. కానీ మా వాడ మోరీ కూడా వాగులో పడి మూసీలోకే పోతున్నది. దానికి అడ్డంగా ఒక పెద్ద ఇంకుడుగుంత తవ్విద్దామని, దిగువన ఉన్న ఊళ్లకు మనమూ పట్నమే అవుతామని అడగాలి. ఇంకుడుగుంతకు జాగ కావాలంటే మా ఇంటి వెనక పెరటి మూల ఇస్తానని అవ్వ అప్పుడే అన్నది. కొడుకును అడగాలి కదా అంటే, "వాడేడున్నడు? ఈడ ఉన్నది మనమే గద" అన్నది.