సమ్మతికి నమూనా లేదు

చిట్టెలుకకు సహజంగా ఉబ్బసం రాదు. కోడిగుడ్డు తెల్లసొనలోని ఓవల్బుమిన్‌ను ముందు సూదితో ఎక్కించి, తరువాత పీల్పించి దాని ఊపిరితిత్తులలో అలర్జీ వాపును కల్పిస్తారు. మనిషికి ముప్పు తప్పించడమే ఈ హింసకు చెప్పే నైతిక సమర్థన.

వేరొక వ్యాధి సందర్భంలో ఆ సమర్థన పరిమితిని ఖమ్మం జిల్లా చూపింది. 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో సుమారు 14,000 మంది బాలికలకు హెచ్.పి.వి. టీకా వేశారు. అది జంతుపరీక్షలు దాటిన టీకాయే. అయినా అనేక అంగీకారపత్రాలపై తల్లిదండ్రులకు బదులు వసతిగృహాల వార్డెన్లు సంతకం చేశారు. 2010లో ఆ కార్యక్రమం నిలిచిపోయింది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం దానిని తీవ్రంగా తప్పుపట్టింది.

ప్రాణి మానవదేహానికి ప్రతినిధి కాగలదు, మానవసమ్మతికి కాలేదు. మనిషిపట్ల గౌరవం పేరిటే ప్రాణిహింసను సమర్థిస్తున్నాం. అడగదగిన మనిషినే అడగనప్పుడు, అడగలేని ప్రాణి బాధకు చెప్పిన ఆ సమర్థనా చెల్లదు.