చలి పొద్దు ఎవరిది?

మన భాషలో ఒంటికీ గుణానికీ మధ్య గోడ చాలా పలచన. పని చేయనివాణ్ని ‘ఒళ్లు వంచడు’ అంటాం. పొగరుబోతుని ‘ఒళ్లు కొవ్వెక్కింది’ అంటాం. తలబిరుసుగా మాట్లాడేవాణ్ని ‘ఒళ్లు దగ్గర పెట్టుకో’ అని హెచ్చరిస్తాం. కొవ్వు అనే మాటకి గర్వం అనే అర్థం ఎప్పుడో వచ్చి చేరింది. అందుకే నలుగురిలో ఎవరైనా ‘బాగా ఒళ్లు చేసినవ్’ అంటే, అది బరువు గురించిన కబురులా వినపడదు. చిన్న నేరం మోపినట్టు వినపడుతుంది.

చలికాలంలో ఈ నేరం ఇంకాస్త గట్టిపడుతుంది. హుస్నాబాద్ మెట్ట ప్రాంతం. డిసెంబర్, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు పది డిగ్రీల దగ్గరికి దిగుతాయి. సంక్రాంతి రోజుల్లో సూర్యుడు ఆరు ముప్పావు దాటితే గానీ కనపడడు. ఆరింటికి ఇంకా చీకటే. ఆ చీకట్లో మంకీ క్యాప్ పెట్టుకుని ఎల్లమ్మ చెరువు దిక్కు పోయి వచ్చిన మనిషి ముఖంలో ఒక వెలుగుంటుంది. అది అచ్చంగా ఆరోగ్యం తెచ్చిన వెలుగే అనుకోలేం. తను చేయాల్సింది చేశాడన్న తృప్తి, పక్కింటాయన ఇంకా చెద్దరు కిందే ఉన్నాడన్న తృప్తి రెండూ అందులో ఉంటాయి. పక్కింటాయనకీ ఆ సంగతి తెలుసు. అందుకే ఎవరూ అడగకుండానే సంజాయిషీ ఇచ్చుకుంటాడు: “ఏం జేద్దమే అన్నా, ఈ సలికి కాలు బయట పెట్టబుద్ధయితలేదు. పండుగ పోనీ, మొదలువెడ్త.”

ఈ ఇద్దరిలో మొదటాయన నిజంగా మెరుగైన మనిషేనా? పొద్దున్నే పడక దిగడం, నాలుగు కిలోలు తగ్గడం ఒక సుగుణమా? దిగలేకపోవడం, తగ్గలేకపోవడం తప్పా? ప్రశ్న చిన్నదిగానే కనపడుతుంది. కానీ షుగర్, బీపీ లేని ఇల్లు అరుదైపోతున్న కాలంలో రోగాన్నీ, రోగినీ ఎలా చూస్తామన్నది దీని జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

పాతకాలపు ఆలోచనాపరులు బద్ధకాన్ని తేలిగ్గా తీసుకోలేదు. మంచేదో తెలిసి కూడా మనిషి దానికి ఎదురు ఎలా నడుస్తాడన్న చిక్కుని అరిస్టాటిల్ ‘అక్రసియా’ పేరుతో వివరంగా చర్చించాడు. రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ తనకోసం రాసుకున్న పుస్తకంలో ఐదో భాగం, పొద్దున్నే వెచ్చటి పడక వదలడం గురించి తనతో తను పెట్టుకున్న వాదంతోనే మొదలవుతుంది. పతంజలి యోగసూత్రాలు చిత్తాన్ని చెదరగొట్టే తొమ్మిది అంతరాయాల్లో ఆలస్యాన్ని ఒకటిగా లెక్కపెట్టాయి. దాన్ని వివరిస్తూ వ్యాసభాష్యం వాడిన మాట ‘గురుత్వం’. అంటే బరువే. ఒంటి బరువు, మనసు బరువు కలిసి మనిషిని కదలనీయకపోవడం ఆలస్యం.

కానీ వీళ్లెవరికీ కిలోలతో పని లేదు. బద్ధకం వాళ్లకి ఇంకో పనికి అడ్డు: ఒకరికి ధ్యానానికి, ఒకరికి రాజ్య భారానికి, ఒకరికి మంచి జీవితానికి. మనం ఆ ఇంకో పనిని మెల్లగా పక్కకు జరిపి, తూకం ముల్లునే గమ్యం చేసుకున్నాం. ‘ఎందుకు లేవాలి?’ అంటే ‘తగ్గడానికి’ అని జవాబు. ‘ఎందుకు తగ్గాలి?’ అంటే చాలాసార్లు జవాబు ఉండదు, కొంచెం సిగ్గు మాత్రం ఉంటుంది.

ఆ ముల్లు ఎంత నమ్మకమైనదో చూద్దాం. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫోటో వచ్చింది. ఒకరు పుణెకు చెందిన యాజ్ఞిక్, ఇంకొకరు లండన్‌కు చెందిన యుడ్కిన్. ఎత్తూ బరువూ కలిపి లెక్కేసే బీఎంఐ ఇద్దరికీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. చూడ్డానికి సన్నగా ఉన్న మన మనుషులకి షుగర్ ఎందుకొస్తుందో ఆ ఒక్క ఫోటో చాలావరకు చెప్పేసింది. సన్నగా ఉన్నాయన ‘నాకేం కాదు’ అని నిశ్చింతగా ఉంటాడు. లావుగా ఉన్నామె నలుగురి మాటలూ పడుతూ ఉంటుంది. ఇద్దరి విషయంలోనూ మన తీర్పు తప్పు కావచ్చు.

నడకకీ బరువుకీ ఉన్న సంబంధం కూడా మనం అనుకున్నంత సూటిగా లేదు. టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే హాడ్జా జనం రోజుకి ఎంత శక్తి ఖర్చు చేస్తారో హెర్మన్ పాంట్జర్ బృందం కొలిచి 2012లో ప్రకటించింది. శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకున్నాక, అది కుర్చీల్లో కూర్చునే అమెరికా వాళ్ల ఖర్చుకి దాదాపు సమానంగానే తేలింది. ఒక చోట ఖర్చు పెరిగితే శరీరం ఇంకో చోట పొదుపు చేస్తుందని ఆయన వివరణ. మన ఇళ్లల్లో గృహిణులు చేసేదే ఇది కూడా. అంటే నడక వృథా అని కాదు. నడకతో షుగర్ అదుపులోకి వస్తుంది, గుండె గట్టిపడుతుంది, నిద్ర పడుతుంది. ఆ లాభాలేవీ తూకం మీద కనపడవు, అంతే.

ఇక్కడే అసలు నష్టం జరుగుతుంది. నెల రోజులు చలిలో నడిచిన మనిషి సంక్రాంతి పొద్దున తూకం ఎక్కుతాడు. ముల్లు కదలదు. సకినాలు, అరిసెలు, నువ్వుల లడ్డూలు ఎదురుగానే ఉన్నాయి. ‘నాతోని కాదు’ అనుకుని రెండూ ఒకేసారి వదిలేస్తాడు: నడకనీ, తన మీద తనకున్న నమ్మకాన్నీ. అతని గుండెకి ఆ నెల రోజుల్లో జరిగిన మేలు అతని లెక్కలోకి రానేలేదు. బరువుని గుణానికి కొలతగా పెట్టుకున్నందుకు చెల్లించిన మూల్యం అది.

ఇంకో సంగతి. 1953లో జెరెమీ మోరిస్ అనే డాక్టరు లండన్ బస్సు ఉద్యోగులని పరిశీలించి, డ్రైవర్లకంటే కండక్టర్లకి గుండె జబ్బులు తక్కువని చూపించాడు. రెండంతస్తుల బస్సులో టికెట్లు కొట్టడానికి కండక్టరు రోజంతా మెట్లెక్కి దిగుతూ ఉంటాడు, డ్రైవరు కూర్చునే ఉంటాడు. కొన్నేళ్ల తర్వాత ఆయనే వాళ్ల యూనిఫాం ప్యాంటు కొలతలు తెప్పించి చూస్తే, డ్రైవర్ల నడుం చుట్టుకొలత మొదటినుంచే ఎక్కువని తేలింది. కాబట్టి ఎంత భాగం మెట్లది, ఎంత భాగం మనిషిది అన్న వాదన మిగిలే ఉంది. అయినా ఒక్కటి గమనించాలి. ఆ కండక్టర్లని ఎవరూ క్రమశిక్షణ గల మనుషులని పొగడలేదు. వాళ్లు సంకల్పం చెప్పుకుని మెట్లెక్కలేదు. బస్సులో మెట్లున్నాయి, అంతే. మన హుస్నాబాద్ డిపో బస్సులకి మేడ లేదు. డ్రైవరే టికెట్ మిషన్ పట్టుకునే సర్వీసుల్లో కండక్టరు కూడా లేడు. ఒక మనిషి ఎంత కదులుతాడన్నది అతని మనసు ఎంత గట్టిదన్న దాని మీదే కాదు, చుట్టూ ఉన్న ఏర్పాటు మీద కూడా ఆధారపడి ఉంటుంది.

ఆ ఏర్పాటులో చలి పొద్దు చాలా ఖరీదైన వస్తువు. అది ఎవరి చేతిలో ఉందో చూడాలి.

చరక సంహిత ఋతుచర్యలో హేమంతం గురించి చెప్పింది ఇప్పటి డైట్ చార్టులకి పూర్తిగా ఎదురు. చలిగాలి తగిలి ఒంటి వేడి లోపలే నిలుస్తుంది, జఠరాగ్ని బలంగా ఉంటుంది, బరువైన తిండి తినమంటుంది. తినకపోతే ఆ అగ్ని ఒంట్లోని రసాన్నే తినేస్తుందంటుంది. ఆ లెక్కన మన నువ్వులూ బెల్లమూ తప్పు చేసినవేం కావు. అదే అధ్యాయంలో వెచ్చటి లోపలి గదులు, మందపాటి దుప్పట్లు, అగరు పూతలు కూడా ఉన్నాయి. ఆ ఋతుచర్య ఎలాంటి ఇంటి మనిషిదో వేరే చెప్పక్కర్లేదు. వాగ్భటుడు చలికాలంలో వ్యాయామం చేయమన్నాడు గానీ, అర్ధశక్తి దాకానే అన్నాడు. ఊపిరి నోటిదాకా వచ్చిందంటే సగం బలం అయిపోయినట్టని సుశ్రుతుడు గుర్తు చెప్పాడు. ఆ సగం దగ్గర ఆగాలి.

ఆగడం ఎవరికి వీలవుతుంది? అదే చీకట్లో ఊళ్లో సఫాయి కార్మికులు చీపుళ్లతో రోడ్డెక్కి ఉంటారు. కాసేపటికి చుట్టుపక్కల పొలాల్లో యాసంగి నాట్లకి ఆడవాళ్లు చల్లటి బురదలో దిగుతారు. పత్తి చేలల్లో మంచు ఆరకముందే ఏరుడు మొదలైతది. వాళ్లకి ఊపిరి నోటిదాకా వచ్చేది రోజుకి ఒకసారి కాదు. వచ్చినా ఆగరు. ఆగితే ముఠా వెనకబడుతుంది, కూలి తెగుతుంది. వ్యాయామమంటే ఆపగలిగే శ్రమ. తేడా అంతా ఆ ‘ఆపగలగడం’లోనే ఉంది. ‘కష్టం జేసెటోళ్లకు ఏ రోగం రాదు’ అనే మాట మనం తరుచూ వింటాం. డెన్మార్క్‌లో లక్షమందికి పైగా పెద్దలని గమనించి 2021లో ప్రకటించిన పరిశీలన వేరే చెప్పింది. తీరిక వేళ కదలిక ఎక్కువున్నవాళ్లలో గుండె జబ్బుల ముప్పు తక్కువ. పనిలో కదలిక ఎక్కువున్నవాళ్లలో ఆ ముప్పు ఎక్కువ. కాలు అదే, చెమట అదే. ఒకటి మనిషిని నిలబెడుతుంది, ఇంకొకటి అరగదీస్తుంది.

ఇక ఇంట్లోకి వద్దాం. షుగర్ ఉన్న ఆడమనిషికి డాక్టరు చెప్పేది ఒక్కటే మాట: “పొద్దుగాల గంట సేపు నడువమ్మా.” ఆమె తల ఊపుతుంది, ఇంటికి వస్తుంది. పొద్దుగాల ఐదింటికి ఆమె లేచే ఉంటుంది. నీళ్లు కాగాలి, చాయ్ కావాలి, పిల్లల టిఫిన్ బాక్సులు కట్టాలి, వాకిలి ఊడ్చి సాన్పు చల్లాలి. చెరువు దిక్కు పోయిన ఆయన తిరిగి వచ్చేసరికి వేడి నీళ్లు సిద్ధంగా ఉండాలి. ఒకవేళ తీరిక చేసుకుని గడప దాటినా చీకటి, కుక్కలు, మెడలో పుస్తెలతాడు, ‘ఎటు వోతున్నవే ఇంత పొద్దుగాల?’ అన్న ఆరా. ఆమెకు బద్ధకమని ఎవరంటారు? కానీ మూడు నెలల తర్వాత పరీక్షలో షుగర్ తగ్గకపోతే అందరూ అనేది అదే: “చెప్తె వినది, నడువది.”

2019 నాటి జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు జీతం లేని ఇంటి పనికి పెడుతున్నారు. చేసే మగవాళ్లు 97 నిమిషాలు. తేడా 202 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి వారం మొత్తానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి కదలిక చాలంటుంది. అంటే వారానికి సరిపడా నడక కంటే ఎక్కువ సమయం, ఒక్క రోజు తేడాలోనే పోతోంది. కట్ట మీద నడిచే మనిషి సంకల్పబలం అని మనం పేరుపెట్టిన దాంట్లో కొంత భాగం పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషిది.

అయితే సంకల్పం అనేదే లేదా, అంతా ఏర్పాటేనా అని ఎవరైనా అడగొచ్చు. అడగాలి కూడా. స్వెట్టరుంది, తీరికుంది, నడవడానికి చోటుంది, ఒంట్లో ఓపికుంది. అయినా పదింటిదాకా చెద్దరు కింద ఉండే మనిషికి ఏ బాధ్యతా లేదంటే అదీ అబద్ధమే. నిందా, బాధ్యతా ఒకటి కావు. నింద జరిగిపోయినదాన్ని చూస్తుంది: ‘తిన్నవ్, పన్నవ్, అందుకే వచ్చింది’. బాధ్యత జరగబోయేదాన్ని చూస్తుంది. నా ఒళ్లు నాదే, నిజమే. కానీ రేపు పక్షవాతం వచ్చి పడితే దాన్ని ఎత్తి కూర్చోబెట్టేది నేను కాదు. ఎత్తే చేతులు చాలావరకు పొద్దున నీళ్లు కాచిన చేతులే. డయాలసిస్‌కి వెంట వచ్చి బెంచీ మీద కూర్చునేదీ వాళ్లే. వీలున్నవాడు కదలడం వాళ్లకి బాకీ. కుదురుగా కనపడే నడుం కోసమైతే దాన్ని బాకీ అనలేం, అది ముచ్చట. ముచ్చట ఉండొచ్చు, దానికి ధర్మం అని పేరు పెట్టనక్కర్లేదు.

ఆ బాకీని ఇలా చూస్తే కొన్ని విషయాలు వాటంతటవే మారిపోతాయి. నడక చీకట్లోనే జరగాలన్న పట్టుదల పోతుంది. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది. గుండె జబ్బున్న పెద్దవాళ్లకి ఐదింటి చలిగాలి ఘనకార్యం కాదు, ముప్పు. ఎనిమిదింటి ఎండ, సాయంత్రం నాలుగింటి ఎండ చాలు. సగం బలం దగ్గర ఆగడం ఓటమి అనిపించదు. సకినం తిన్నందుకు మర్నాడు ఉపవాసంతో ప్రాయశ్చిత్తం చేసుకునే పని ఉండదు. తిండిని పాపపుణ్యాల ఖాతాలోంచి తీసేస్తే, ఎంత తిన్నామో నిదానంగా చూసుకోవడం నిజానికి తేలికవుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, వారానికి మూడు రోజులైనా ఆయన పొయ్యి ముట్టించి ఆమెను ఎండ మీదికి పంపడం కూడా వ్యాయామం లెక్కలోకి వస్తుంది. వీధి లైట్లు వెలగాలని మున్సిపాలిటీని అడగడం కూడా వస్తుంది.

బద్ధకాన్ని జయించామని చెప్పుకునే ముందు మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఎన్ని కిలోలు తగ్గానన్నది తర్వాత చూసుకోవచ్చు. నేను నడిచిన ఈ గంట ఎవరి పొద్దులోంచి తీసుకున్నది? దాన్ని వాళ్లకి ఎప్పుడు తిరిగి ఇస్తాను?