అపొల్లోకు కొదువగా ఉండినది

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 18:24–28

అపొల్లో అలెక్సంద్రియలో పుట్టినవాడు, మాటనేర్పరి, లేఖనములలో ఆరితేరినవాడు. అతని ఆత్మలో వేడిమి ఉండెను. యేసును గూర్చి అతడు చెప్పినదానిలో తప్పేమియు లేదు. అయినను అతనికి తెలిసినది యోహాను బాప్తిస్మము వరకే. ఎఫెసు సమాజమందిరములో అతని ప్రసంగమును మెచ్చుకొనినవారు ఎందరో ఉండవచ్చును. ఆ ప్రసంగములో ఏది లేదో కనిపెట్టినవారుగా లూకా పేర్కొనినది మాత్రము ఇద్దరినే, డేరాలు కుట్టి జీవించు అకులను, ప్రిస్కిల్లను.

వారికి ఈ వివేచన ఎక్కడనుండి వచ్చెను? క్లౌదియ చక్రవర్తి యూదులను రోమానుండి వెళ్లగొట్టగా వారు కొరింథుకు వచ్చి, పౌలుతో ఒకే యింట, ఒకే పనిలో ఉండిరి. పౌలు ఆ పట్టణమున బోధించినది ఏడాదిన్నర. సూదియు దారమును చేతిలో ఉండగానే ధర్మశాస్త్రము, సిలువ, పునరుత్థానము వారి మధ్య చర్చకు వచ్చియుండవలెను. దైవశాస్త్రము గురువులకే చెందినదని తలంచువారు ఆ ఇంటిని ఒకసారి జ్ఞాపకము చేసికొనుట మంచిది.

తెలుగు సంఘములలో అపొల్లోలు కొరవలేదు. కంఠమున్నది, కన్నీరున్నది, వచనములు నోటికి వచ్చును. కొదువ బయటపడునది వేరొక చోట. బిడ్డను పోగొట్టుకొనిన తల్లి ఆసుపత్రి వరండాలో కూర్చుండి, తన విశ్వాసము చాలకనే ఇట్లు జరిగినదా అని అడిగినప్పుడు, వచనములు మాత్రమే తెలిసిన బోధకుడు అవుననియే ధ్వనించునట్లు ఏదో చెప్పి వచ్చును. అతడు క్రూరుడు కాడు. కాని పలికిన మాట క్రూరమైనది. శ్రమను గూర్చియు దేవుని సంరక్షణను గూర్చియు సంఘము శతాబ్దములుగా ప్రార్థనతో ఆలోచించినదానిని అతని చేతికి ఎవరును అందించలేదు. యేసు దేవుడు కాడు, మొదటి సృష్టి మాత్రమే అని గుమ్మమునొద్ద నిలిచి చెప్పువానికి ముప్పది యేండ్ల సంఘ సభ్యుడు ఉత్తరము తోచక తలుపు మూయుటయు ఇట్టిదే.

అట్లయిన ఏమి చదువవలెను? పలువురు లావుపాటి గ్రంథముతో ఆరంభించి మూడవ వారమున మానివేయుదురు. చిన్నదానితో ఆరంభించుట మేలు. లూథరు సాక్సనీ సంఘములను దర్శించి, పల్లె ప్రజలు పది ఆజ్ఞలను, ప్రభువు ప్రార్థనను సహితము ఎరుగకుండుటయు, అనేకులైన పాదరులు బోధింప శక్తిలేక యుండుటయు చూచి కలత చెంది, 1529లో చిన్న ప్రశ్నోత్తరిని ప్రచురించెను. గృహ యజమానుడు తన యింటివారికి నేర్పుటకై వ్రాసిన పుస్తకమది. బెంజమిన్ షుల్జ్ 1746లో జర్మనీలోని హాలే పట్టణమున అచ్చు వేయించిన తెలుగు పుస్తకములలో ఈ ప్రశ్నోత్తరియు ఉన్నది. అవి తెలుగు లిపిలో ముద్రణ పొందిన తొలి గ్రంథములలోనివి. తెలుగు అచ్చక్షరము దైవశాస్త్రముతోనే కన్ను తెరచినదను సంగతి నేడు కొందరికే తెలియును.

ప్రశ్నోత్తరి తరువాత చదువదగినది అపొల్లో పుట్టిన అలెక్సంద్రియనుండియే వచ్చినది. నాలుగవ శతాబ్దమున ఆ పట్టణపు పెద్దయైన అరియస్, కుమారుడు సృజింపబడినవాడని బోధించెను. నావికులు, తిరుగలి విసరువారు, బాటసారులు పాడుకొనుటకై పాటలు కూడ కట్టెనని ఒక ప్రాచీన చరిత్రకారుడు వ్రాసెను. సిద్ధాంతము పాటలో ఎక్కి ప్రయాణము చేయునని అతనికి తెలియును. (ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము చేతనున్నవారు దానిని ఈ కన్నుతో మరల చదువవలెను, అనేకులకు తెలిసిన దైవశాస్త్రమంతయు అందులోనిదే.) అరియస్‌ను ఎదిరించినవాడు అతనాసియస్. అందువలన అతడు అయిదుసార్లు బహిష్కరింపబడి, మొత్తము మీద పదునేడేండ్లు తన సంఘమునకు దూరముగా ఉండెను. వాక్యము శరీరధారియగుటను గూర్చి అతడు వ్రాసిన గ్రంథము మిక్కిలి చిన్నది. యాబదియేడు చిన్న అధ్యాయములు. అందులో ఒక పోలిక ఉన్నది: పలకపై వ్రాసిన చిత్తరువు మరకలతో చెరిగిపోయినప్పుడు, చిత్రకారుడు పలకను పారవేయడు, చిత్తరువు ఎవరిదో ఆ మనుష్యుడే మరల వచ్చి ఎదుట కూర్చుండవలెను, అప్పుడు అదే పలకపై రూపము మరల తీర్చబడును. మానవునిలో చెరిగిన దేవుని పోలికను సరిచేయుటకు ఆ పోలికకు మూలమైన కుమారుడే రావలసి వచ్చెను. గుమ్మమునొద్ద నిలిచినవానికి ఇంతకంటె మంచి ఉత్తరము దొరకుట కష్టము.

ఈ గ్రంథమును తెలుగులో వివరింపబూనినవారికి ఒక చిక్కు ఎదురగును. ‘అవతారము’ అని పలికిన వెంటనే, పని ముగించుకొని మరల వెళ్లిపోవు రాకలు వినువాని మనస్సున మెదలును. కుమారుడు ధరించిన మానవత్వమును విడిచిపెట్టలేదు. తెలుగు బైబిలు ‘శరీరధారి’ అనుటలో ఈ జాగ్రత్త ఉన్నది. తమిళ క్రైస్తవుడైన చక్కరై మాత్రము ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధములో ఆ మాటనే ధైర్యముగా చేపట్టి, క్రీస్తునందలి అవతారము శాశ్వతమైనదని వాదించెను. మాటను విడుచుటకంటె దానికి బాప్తిస్మమిచ్చుట అతని మార్గము. రెండును ఆలోచింపదగినవే, ‘శరీరధారి’ అనునదే క్షేమకరము.

నెల్లూరువాడైన పి. చెంచయ్య మొదలగువారు 1938లో ‘రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా’ అను గ్రంథమును వెలువరించిరి. చెంచయ్య సంఘమును గూర్చి వేసిన ప్రశ్నలు పదునైనవి, ఉత్తరములు అన్నియు అంగీకరింపదగినవి కావు. విశ్వాస ప్రమాణము స్థిరపడిన తరువాత చదివినవారికి అవి మేలు చేయును. ఈ ఆలోచనాపరులందరి పరిచయమునకు రాబిన్ బాయిడ్ 1969లో ప్రచురించిన భారతీయ క్రైస్తవ దైవశాస్త్ర పరిచయ గ్రంథము మంచి ద్వారము.

కాల్విను ‘ఇన్‌స్టిట్యూట్స్’ 1536లో ఆరు అధ్యాయములు. 1559 నాటికి ఎనుబది. మొదటి పుటనుండి కాక, మూడవ గ్రంథములోని ఇరువదవ అధ్యాయముతో మొదలిడుట మేలు. అది ప్రార్థనను గూర్చినది, అన్నిటిలో దీర్ఘమైనది. కాల్వినును కఠినుడని విని భయపడినవారి భయము అక్కడ తీరును. కార్ల్ బార్త్ మహాగ్రంథము సామాన్యునికి దాటరాని సముద్రము. దానికి మారుగా, 1946లో యుద్ధమున పాడైన బాన్ విశ్వవిద్యాలయపు శిథిలముల మధ్య, ఉదయము ఏడు గంటలకు కీర్తన పాడి ఆరంభించి, అపొస్తలుల విశ్వాస ప్రమాణముపై ఆయన చేసిన ఉపన్యాసముల చిన్న సంపుటి చాలును.

పుస్తకము దొరకినంత మాత్రమున చాలదు. అకులయు ప్రిస్కిల్లయు అపొల్లోను సమాజమందిరములో నిలదీయలేదు. తమ యొద్దకు చేర్చుకొనిరి. ఆంగ్లము చదువగలవారు ఒకరు, చదువలేని ఇద్దరు ముగ్గురు, ఆదివారము మధ్యాహ్నము కలిసి కూర్చుండి, ఒక పుట తెలుగులో చెప్పుకొని, దానికి సంబంధించిన వాక్యభాగమును తెరచి, ఒప్పుకొనవలసినదియు ఒప్పుకొనరానిదియు మాటలాడుకొనవచ్చును. ఏడాదికి ఒక్క పుస్తకమైనను ఫరవాలేదు. గ్రామ సంఘపు బోధకునికి పుస్తకము కొని ఇచ్చుట కూడ కానుకయే; బట్టలు పెట్టువారు అనేకులు, పుస్తకము పెట్టువారు అరుదు.

చదువునకు ఒక అపాయము కలదు. కొరింథులో కొందరు తాము అపొల్లోవారమని చెప్పుకొని పక్షము కట్టిరి. నేడు కాల్వినువారు, బార్త్‌వారు అని అదే రీతిగా వినబడును. అపొల్లో అందుకు ఏమి చేసెనో పౌలు పత్రిక చివర ఒక్క వచనములో తెలియుచున్నది (1 కొరింథీయులకు 16:12). కొరింథుకు వెళ్లుమని పౌలే మిక్కిలి బతిమాలెను. ఆ సమయమున వెళ్లుటకు అపొల్లోకు మనస్సు లేకపోయెను.