తాళాలు ఎప్పుడివ్వాలి?



మన చిల్లకూరు తీరంలో రొయ్యల గుంటలు తవ్విన తరానికి వయసు మీదపడింది. కొడుకు రాత్రంతా ఏరియేటర్ల దగ్గర కాపలా ఉంటాడు, కూతురు మేత లెక్కలు రాస్తుంది. బ్యాంకు సంతకం మాత్రం నాన్నదే. "నేను పోయాక అన్నీ మీవే కదా" అంటాడాయన. కొంప మునిగేది ఇక్కడే. ఆయన పోయాక అప్పెంతో, రావలసిందెంతో తెలియక పిల్లలు తగువులకి దిగుతారు.

రాజగృహంలో సిగాలుడనే యువకుడికి బుద్ధుడు తల్లిదండ్రుల విధులు ఐదు చెప్పాడు: చెడు నుంచి ఆపడం, మంచిలో నిలపడం, వృత్తి నేర్పడం, తగిన సంబంధం చూడడం, తగిన కాలంలో వారసత్వం అప్పగించడం. వరస చూడండి. ముందు పని, తర్వాతే ఆస్తి. తగిన కాలమంటే మనం పోయాక కాదు, పక్కనుండి తప్పు దిద్దగలిగే కాలం.

తిరుపతి జిల్లాలో, 1985లో అమరరాజా సంస్థను స్థాపించిన గల్లా రామచంద్రనాయుడు 2021లో తానుండగానే చైర్మన్ పదవిని కుమారుడు జయదేవ్‌కు అప్పగించారు.

బుద్ధుడైతే తన స్థానంలో ఏ మనిషినీ కూర్చోబెట్టలేదు. తన తర్వాత ధమ్మ వినయాలే గురువన్నాడు. మన ఇంట్లోనూ అంతే. సంతకం ఎవరిది, వాటా ఎంత, కూలి ఎప్పుడివ్వాలి, ఈ కట్టుబాట్లు రాసి పెట్టండి. కొడుకా, కూతురా అని కాదు, పని తెలిసిందెవరికో చూడండి.

'నాది' అని బిగించిన పిడికిలే తృష్ణ. ఈసారి పట్టుబడికి ముందే పద్దు పుస్తకం తెరిచి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!