శుభ్రం చేయడానికే పుట్టారా?

పోర్ట్‌బ్లెయిర్‌లో మన తెలుగు యువకుడొకడు ఉప్పునీటి తొట్టెలో ఆక్టోపస్‌ను పెంచుతున్నాడు. నాచు, మిగిలిన తిండి తినేసి తొట్టెను శుభ్రంగా ఉంచడానికి ఏ జీవులను వేయాలని నన్నడిగాడు. పీతలు, నత్తలు వేస్తే ఆక్టోపస్ వాటినే తినేస్తుంది. ఇసుకను శుభ్రపరిచే సముద్ర దోసకాయను పట్టడం నేరం. 2001లోనే దాన్ని వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు.

"చూశారా సార్, సముద్రంలోనూ పాకీపనికి పుట్టిన జాతులున్నాయి" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

సముద్రంలో పాకీపని లేదు. నాచు నత్తకు భోజనం, అంతే. ఆ భోజనానికి సేవ అని పేరుపెట్టి, పారిపోయే దారిలేని గాజుగోడల మధ్య, తనను తినే ప్రాణి పక్కనే దాన్ని ఉంచేది మనిషి. కులమూ అదే చేసింది: ఒకరికి మురికిని అంటగట్టి, అది వాళ్ల పుట్టుక అంది. కులం పనిని కాదు, పనిచేసేవాళ్లనే విభజించిందని బాబాసాహెబ్ 1936లోనే ఎత్తిచూపారు. మనిషి చేత మలం ఎత్తించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మురుగుగుంతల్లో చావులు మాత్రం ఆగలేదు. ప్రకృతిని సాక్ష్యానికి పిలిచే మాట ఆ చావులను సహజం చేస్తుంది.

ప్రాణుల వ్యాపారాన్ని తథాగతుడు ఉపాసకులకు తగని ఐదు వ్యాపారాల్లో చేర్చాడు. కనుక ఇంకో ఆక్టోపస్‌ను కొనవద్దన్నాను. ఉన్నదానికి ఆకలికి పీతను వేస్తే, అది తిండేనని ఒప్పుకో; పనివాడని పిలవకు. మిగిలిన తిండి నీ చేత్తో తియ్యి. గాజు నువ్వే తుడువు, నీళ్లు నువ్వే మార్చు.

భవతు సబ్బ మంగళం. జైభీమ్.